హాజరుకు బదులు శేషం

ఆయన పోయిన పన్నెండో రోజున నాకు కార్డు అందింది. మా ఊరికి టపా వారానికి రెండుసార్లే వస్తుంది కాబట్టి ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కార్డు ఆయన బిడ్డ రాసింది. "బాపు పోయిండు. మీకు తెలపాలనిపించింది" అని రెండే ముక్కలు. చదివి, కార్డును హాజరుపట్టీలో పెట్టుకుని పిల్లల పేర్లు పిలవడం మొదలుపెట్టాను. సగం పిలిచాక ఎక్కడిదాకా వచ్చానో మరిచిపోయి, మళ్లీ మొదటినుంచి పిలిచాను.

చౌటుప్పల్‌కు నాలుగు మైళ్లు లోపలికి ఉన్న ఈ పల్లెలో బడికి పంతుల్ని నేనొక్కణ్నే. అయిదు తరగతులు, ఒక గది, ఒక బోర్డు. పదేళ్లుగా పొద్దున్నే అవే పేర్లు పిలుస్తున్నాను. పిల్లలు మారతారు గాని పేర్లు మారవు. మల్లయ్యలూ యాదయ్యలూ పోయి మళ్లీ మల్లయ్యలూ యాదయ్యలే వస్తారు. పేర్లు పిలవడం పూర్తయ్యేసరికే నాకు సాయంత్రమైనట్టు ఉంటుంది. ఈ అలసట వయసుది కాదని మా ఆవిడ అంటుంది. నిజమే కావచ్చు, ముప్పై అయిదేళ్లకు ఎవరూ ముసలివాళ్లు కారు.

ఆయన పేరు రాయను. మేమెవరమూ ఆయన్ను పేరుతో పిలిచింది లేదు. నల్లగొండలో మేం పంతుళ్ల ట్రైనింగు చేసిన రోజుల్లో ఆయన మాకు లెక్కల సారు, అంతే. అప్పటికి ఆయనకు యాభై దాటింది. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకుని, ఉర్దూలోనే ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పి, ప్రభుత్వం మారాక తెలుగులో చెప్పమంటే తెలుగు లెక్కల పుస్తకాన్ని ఒకటో పేజీ నుంచి పిల్లవాడిలా చదువుకున్న మనిషి. పాత నల్ల షేర్వానీ ఒకటి ఉండేది. బోర్డు తుడవడానికి గుడ్డ ఉన్నా అరచేత్తోనే తుడిచేవారు, ఆ చెయ్యి వెనక్కి పోనిచ్చి షేర్వానీకి రాసుకునేవారు. అందుకని ఆయన ముందు నుంచి నల్లగా, వెనక నుంచి తెల్లగా కనిపించేవారు. బజారులో ఆయన నడిచిపోతుంటే వెనక వచ్చేవాళ్లకు కూడా లెక్కల సారని తెలిసిపోయేది.

ప్రధాన సంఖ్య అన్న మాటకు ఆయన నోరు తిరిగేది కాదు. "ఉర్దూల ముఫ్రద్ అంటరు. ముఫ్రద్ అంటె ఒంటిది. మీ పుస్తకంల ప్రధానమట. ఏం ప్రధానం? కుర్సీ మీద కూసున్నదా?" అనేవారు. చివరికి రెండూ మానేసి తనదే ఒక మాట పెట్టుకున్నారు. సంఖ్యలు రెండు రకాలు: పగిలేవి, పగలనివి. పదిహేను పగులుతుంది, మూడూ అయిదూ అవుతుంది. పదిహేడు పగలదు. మేం కూడా పరీక్ష పేపర్లో తప్ప అంతటా అలాగే అనేవాళ్లం.

అది ఒక్కటే కాదు, ఆయన కంటబడ్డ ప్రతి సంఖ్యకూ కులగోత్రాలు అడగందే వదిలేవారు కారు. సైకిలు బిళ్ల మీది నంబరు, బస్సు టిక్కెట్టు నంబరు, దవాఖానలో ఇచ్చిన చీటీ నంబరు. సంఖ్యను భాగించే చిన్నవాటినన్నిటినీ కూడితే ఆ సంఖ్య కంటే తక్కువ వచ్చిందంటే అది "ఎల్లని సంసారం", అంటే గడవని ఇల్లు. ఎక్కువ వస్తే "బలిసిన ఇల్లు". సరిగ్గా అంతే వస్తే సంపూర్ణం. ఒకటీ రెండూ నాలుగూ ఏడూ పద్నాలుగూ కూడితే ఇరవై ఎనిమిది వస్తుంది కాబట్టి ఇరవై ఎనిమిది సంపూర్ణ సంఖ్య. నల్లగొండలో ఆయన కిరాయికున్న ఇంటి నంబరు ఇరవై ఎనిమిది. వానాకాలం ఆ ఇల్లు మూడుచోట్ల కురిసేది. తల్లి లేని ఆయన బిడ్డే గిన్నెలు తెచ్చి పెట్టేది. ఇల్లు మారమని ఎవరన్నా అంటే, "గీ నంబరు మళ్ల దొరుకుతదా?" అనేవారు. ఆ పిల్ల తిట్టుకుంటూ గిన్నెలు మార్చేది.

ఎవడైనా సాకు చెప్పబోతే ఆయన దగ్గర ఒకటే మందు. "మాటలు అందరు జెప్తరు. శేషం జెప్పు." హోమ్‌వర్కు తేనివాడికీ అదే, అప్పు తీర్చనివాడికీ అదే. నాకు పెళ్లి కుదిరినప్పుడు పిల్ల గుణగణాలు పది నిమిషాలు వర్ణించాను. అన్నీ విని, "శేషం?" అన్నారు.

ఇక అసలు సంగతి. విశాలాంధ్ర ఏర్పడిన మరుసటి సంవత్సరం మా క్లాసుకు ఇన్‌స్పెక్టరు వచ్చారు. కోస్తా మనిషి. తెల్లటి పంచె, మెత్తటి మాట. ప్రధాన సంఖ్యకు పెద్ద ఉదాహరణ ఒకటి చెప్పమని మమ్మల్ని అడిగారు. ఒకడు తొంభై ఏడు అన్నాడు, ఇంకొకడు ధైర్యం చేసి నూట ఒకటి అన్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వారు. ఆ నవ్వు మా సారుకు నచ్చలేదు. గిరుక్కున తిరిగి బోర్డు మీద 3,97,70,527 అని రాసి చేతులు కట్టుకుని నిలబడ్డారు. మూడు కోట్ల తొంభై ఏడు లక్షల డెబ్భై వేల అయిదు వందల ఇరవై ఏడు.

"ఇది ప్రధాన సంఖ్యేనని మీకెలా తెలుసండీ?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"పగలది సార్. మూడు వందల దాక అన్నిటితోని చూసిన. దేనితోని పోలే."

"మూడు వందల ఒకటితో పోతుందేమో?"

"మూడు వందల ఒకటి అక్కర్లేదు సార్. అది ఏడు నలభై మూళ్లు. ఏడుతోనే పోనిది దానితోని ఎట్ల పోతది?"

క్లాసంతా పకపకా నవ్వింది. ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రబడింది. "సరే, మూడు వందల ఏడుతో?" అన్నారు. మా సారు అంతదాకా చూడలేదు. చిన్న మాట గెలిచి పెద్ద మాట ఓడిపోయారు. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడని అనను. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. పోతూ పోతూ తనిఖీ పుస్తకంలో రాసిపోయారు: బోధకుడు శ్రద్ధగలవాడే గాని ఆధారం లేకుండా నిర్ధారణ చేసే అలవాటు ఉంది, అని.

ఆ ఒక్క వాక్యం ఆయన్ను తినేసింది. షేర్వానీ చూసి నవ్వినా, తెలుగు చూసి నవ్వినా పట్టించుకోని మనిషి. ఆధారం లేకుండా అన్న మాట మాత్రం రోజుకు నాలుగుసార్లు తనలో తనే అనుకునేవారు. మూడేళ్లలో రిటైరు కావలసినవాడు, తన పేరు పక్కన ఆ మాటతో ఇంటికి పోవాలా? మా దగ్గరికి వచ్చి నిలబడి, "నిజమే గద? నేను మూడు వందలల్లనే ఆగిన గద?" అనేవారు. ఇన్ని సంఖ్యలుండగా దీన్నే ఎందుకు పట్టుకున్నారు సార్ అని అడిగాన్నేను. "లోకంల ఇన్ని ఊర్లుండంగ నువ్వు మీ ఊర్లెనే ఎందుకు పుట్టినవ్? గట్లనే" అన్నారు. ఎన్నో ఏళ్ల కింద ఎక్కడో కంటబడిందట, అప్పటినుంచీ వెంట ఉందట.

వారం తిరక్కుండా ఆయన ఒక ఉపాయం తెచ్చారు. ఏ సంఖ్యైనా రెండు ముక్కలుగా పగిలితే అందులో ఒక ముక్క చిన్నదై తీరాలి. మా సంఖ్యకైతే ఆ చిన్న ముక్క ఆరు వేల మూడు వందల ఆరు దాటదు. అంతవరకున్న పగలని సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే చాలు. ఆ పగలని సంఖ్యల పట్టిక ఆయన దగ్గర ఉంది. అంతకుముందెప్పుడో ఎండాకాలం సెలవులన్నీ కూచుని, పాత ఉర్దూ కాగితాల వెనక వైపున, ఒక్కో సంఖ్యనూ కొట్టేసుకుంటూ పోయి తయారుచేసిన పట్టిక. ఆరు వేల మూడు వందల ఒకటి వరకు ఎనిమిది వందల ఇరవై సంఖ్యలు. అందులో మొదటి ఇరవై, అంటే డెబ్భై ఒకటి దాకా, తానే బోర్డు మీద మా కళ్లముందు భాగించి చూపించారు. మిగిలినవి ఎనిమిది వందలు. మేం నలభై మందిమి.

"రేపటి సంది హాజర్ సార్ అనుడు బంద్" అన్నారు. "ఒక్కొక్కనికి రోజుకొక సంఖ్య. పొద్దుమీకి తలుపు మీద అతికిస్త. ఇంటికాడ భాగించుకొని రాండ్రి. పొద్దుగాల నంబరు పిలుస్త, శేషం చెప్పుండ్రి. శేషం చెప్పినోడు ఉన్నట్టు, చెప్పనోడు లేనట్టు. ఇరవై రోజుల్ల అయిపోతది."

పన్నెండో నంబరువాడు బుద్ధిమంతుడు. లేచి, "సార్, ఒక్కొక్క సంఖ్య ఇద్దరికిస్తె మంచిగుంటది గద. ఒకడు తప్పుజేస్తె ఇంకొకడు పట్టుకుంటడు" అన్నాడు.

సారు ఒప్పుకోలేదు. "మీరు రేపు పంతుల్లయ్యేటోళ్లు. ఒక పంతులు లెక్కజేసి చెప్పినంక ఇంకో పంతులు మళ్ల చెయ్యడు" అన్నారు. వాడు కూచున్నాడు.

అలా మా హాజరుపట్టీలో పేర్ల ఎదురుగా గీతలకు బదులు శేషాలు పడ్డాయి. నెలాఖరున పట్టీ నకలు ఆఫీసుకు పోతే, ఈ అంకెలేమిటని సంజాయిషీ అడిగారట. ఈయన రెండు పేజీల జవాబు రాశారట. మాకు మొదట్లో ఇదంతా తమాషాగా ఉండేది. కొందరికి ఊళ్లో పెళ్లాం పిల్లలున్నా, కొందరికి మీసాలు నెరిసినా, పొద్దున్నే గొంతు సవరించుకుని "శేషం ముప్పై ఒకటి", "శేషం రెండు వందల పన్నెండు" అని చెప్పడం. వారం గడిచాక తమాషా పోయింది. పదో రోజు నుంచి ఎవరైనా "శేషం..." అని ఒక్క క్షణం ఆగితే క్లాసంతా ఊపిరి బిగబట్టేది. సున్నా అంటాడేమోనని. సున్నా అంటే ఆయన ముఖం ఎట్లా చూడాలి అన్నదే మా భయం. లెక్కల సారు సంఖ్య మా అందరి సంఖ్య అయింది. ఆ దినాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాగుంటుంది, అందుకే ఈ తర్వాతి సంగతి రాయడం కష్టంగా ఉంది.

నాది నాలుగో నంబరు. ముప్పై ఏడో నంబరువాడు నా గదిలోనే ఉండేవాడు. పాలమూరు పక్కవాడు, వాళ్ల ఇంట్లో అక్షరం వచ్చిన మొదటి మనిషి. వాడి తండ్రికి పోరంబోకు భూమి ఏదో పట్టా ఇస్తామన్నారు. పదమూడో రోజు సాయంత్రం వాడికి కబురొచ్చింది.

"రేపు గిర్దావర్ వచ్చి భూమి కొలుస్తడట. మా బాపుకు సదువు రాదు. ఏడ అంగూఠా పెట్టమంటె ఆడ పెడ్తడు. నేను పోవాలె" అన్నాడు. అప్పటికే వాడికి హాజరు తక్కువ. ఇంకొక్క రోజు పోతే పరీక్షకు కూచోనివ్వరు. "జర నా లెక్క గూడ చేసి చెప్పరాదు? నీకు పుణ్యముంటది. నాది నాలుగు వేల రెండు వందల పదిహేడు."

చేస్తానన్నాను. అంతకుముందు హాజరుకు ఒకడి బదులు ఇంకొకడు పలకడం మాకు మామూలే. వాణ్ని బస్సెక్కించి వచ్చి నా లెక్క నేను చేసుకున్నాను. అప్పటికే తల వాచిపోయింది. ఊరి బయట టూరింగు టాకీసు దిగింది, మిత్రులు పిలిచారు, పోయాను. పొద్దున సారు ముప్పై ఏడు అని పిలిచేవరకూ నాకు ఆ సంగతే గుర్తు లేదు. ముందువాడి వీపు చాటుకు వంగి, గొంతు మార్చి, "శేషం పద్దెనిమిది వందల ఆరు" అన్నాను. శేషం అన్నది భాగించే సంఖ్య కంటే చిన్నదిగా ఉండాలన్న తెలివి మాత్రం ఉంది. సారు తల వంచుకుని 1806 అని రాసుకున్నారు.

ఇరవయ్యో రోజున నలభయ్యో నంబరువాడు ఆఖరి సంఖ్యకు శేషం చెప్పాడు. నాలుగు వేల తొమ్మిది వందల పదహారు. సారు అది రాసుకుని, కలం మూసి, కుర్చీలో కూచున్నారు. క్లాసులో ఆయన కూచోవడం మేం అదే మొదటిసారి చూడటం. "పగలది" అన్నారు. అంతే. మేమంతా బల్లలు చరిచాం, నేనూ చరిచాను.

పట్టీ కింద సంతకం చేసి, పట్టికతో సహా మోసుకుని ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు స్వయంగా పోయారు. ఇన్‌స్పెక్టరు పెద్దమనిషి. రెండు గంటలు కూచుని చూశారట. తనిఖీ పుస్తకం తెప్పించి, ఆ వాక్యాన్ని తన చేత్తోనే కొట్టేసి పక్కన సంతకం పెట్టారట. ఆ సాయంత్రం సారు మాకందరికీ చాయ, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించారు. ముప్పై ఏడో నంబరువాడు కూడా తిన్నాడు. వాడి తండ్రికి నాలుగెకరాలు వచ్చాయి.

తర్వాత అందరం తలో పల్లెకూ పోయాం. ఒక ఆషాఢంలో నాట్లు పడుతున్నాయి, బడికి ఒక్క పిల్లవాడూ రాలేదు. మధ్యాహ్నం బడిలో ఒక్కణ్నే కూచుని ఉన్నాను. వాన. ఏమీ తోచక సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఆ సంఖ్య రాశాను. ఎప్పుడో చేయాల్సిన లెక్క, ఇప్పుడు చేస్తే పోయేదేముంది అనుకున్నాను. నాలుగు వేల రెండు వందల పదిహేడుతో భాగించాను. తొమ్మిదిసార్లు పోయింది. తర్వాత నాలుగు, తర్వాత మూడు. కింద 421 మిగిలింది. పైనుంచి ఆఖరి అంకె ఏడు దింపాను. 4217 అయింది. బోర్డు మీద రెండు 4217లు, ఒకటి పక్కన, ఒకటి కింద. అప్పటికీ నాకు అర్థం కాలేదు. ఒక్కసారి పోతుందని రాసి, కింద సున్నా పెట్టాక అర్థమైంది.

తుడిచి మళ్లీ చేశాను. మళ్లీ చేశాను. వాన వెలిసేదాకా చేస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత నాలుగేళ్లు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమొస్తుంది, ఆయన సంతోషం ఆయనకుండనీ అనుకున్నాను. అది దయ కాదు, బద్ధకం. మొదటిరోజు భాగించకపోవడం ఎంత బద్ధకమో ఇదీ అంతే. కాని ఆ నాలుగేళ్లలో పేర్లు పిలిచేటప్పుడు పిల్లలు "హాజర్ సార్" అంటుంటే నిజంగా ఉన్నాడా అని తలెత్తి చూడటం అలవాటైంది. ఒక్కొక్కసారి ఉన్నవాణ్ని కూడా లేచి నిలబడమనేవాణ్ని. మనిషి ఎవరి మాటా నమ్మకుండా ఉండటానికి చాలా ఓపిక కావాలి. నాకు అంత ఓపిక లేకపోయింది.

కిందటేడు యాదగిరిగుట్టలో ముప్పై ఏడో నంబరువాడు కలిశాడు. సారు రిటైరై తిరుమలగిరి దగ్గర బిడ్డ ఇంట్లో ఉన్నారని, కళ్లకు మోతిబిందులు వచ్చి చూపు మందగించిందని చెప్పాడు. ఆ పై ఆదివారమే బయల్దేరాను. సూర్యాపేటలో బస్సు మారి, తిరుమలగిరిలో దిగి రెండు మైళ్లు నడిచాను.

అరుగు మీద కూచుని ఉన్నారు. షేర్వానీ లేదు, మామూలు బనీను. బాగా చిక్కిపోయారు.

"ఎవరు?"

"నేను సార్. నల్లగొండల నాలుగో నంబరు."

"నాలుగో నంబరా!" ఆయన ముఖం విప్పారింది. లోపలికి తిరిగి, "బిడ్డా, చాయ పెట్టు. మూడు కోట్ల సంఖ్యను నిలబెట్టిన బ్యాచోడు వచ్చిండు" అని కేకేశారు. "మనుమనికి రోజు చెప్త. నలభై మంది పంతుల్లు ఇరవై రోజులు చెమటోడ్చి నాకు గవాయి ఇచ్చిన్రు, సాక్షులయిన్రురా అని."

ఇక ఆపితే చెప్పలేనని తెలిసింది. నిలబడే చెప్పేశాను. పద్నాలుగో రోజు, ముప్పై ఏడో నంబరు, గిర్దావరు, టాకీసు, అన్నీ. అంతా అయ్యాక ఆయన ఒకటే అడిగారు.

"లెక్కజేసి తప్పు జేసినవా, జెయ్యకుంటనే చెప్పినవా?"

"జెయ్యకుంటనే చెప్పిన సార్."

మనుమడి పలక తెమ్మని బిడ్డకు చెప్పారు. పలకను కంటికి జానెడు దూరంలో పెట్టుకుని, అంకెలు పెద్దపెద్దగా రాస్తూ భాగించారు. చాలాసేపు పట్టింది. ఆమె తెచ్చిన చాయ నా పక్కన చల్లారింది. చివర్న సున్నా పెట్టి, ఆ సున్నా మీద వేలు ఆనించి ఉంచారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"కార్డు ఉన్నదా?" అన్నారు బిడ్డతో. ఆమె తెచ్చింది. నన్ను రాయమన్నారు. రిటైరై కోస్తాలో ఉన్న ఆ ఇన్‌స్పెక్టరు అడ్రసు ఆయనకు నోటికి వచ్చు. దసరాకు దసరాకు కార్డులు నడిచేవట. చెప్పారు, రాశాను. 'అయ్యా, తమరు నా గురించి రాసిన వాక్యాన్ని కొట్టేశారు. కొట్టేయవలసింది కాదు. ఆ సంఖ్య పగిలింది. తమరు అన్నట్టే నేను ఆధారం లేకుండా చెప్పాను.'

"సార్, తప్పు నాదని రాద్దాం. మీదేం లేదు ఇందుల."

"పట్టీ కింద సంతకం ఎవనిది?"

"మీది."

"మరి? రాయి. సదరు సంఖ్య రెండు ముక్కలు. ఒకటి నాలుగు వేల రెండు వందల పదిహేడు. ఇంకొకటి తొమ్మిది వేల నాలుగు వందల ముప్పై ఒకటి. మొదటిది పగలనిది..." అక్కడ ఆగారు. మొదటిది ఆయన పట్టికలోదే, ఆయన చేతిపని. రెండోది ఆ పట్టికకు బయటిది. "రెండోది పగులుతదో పగలదో చూడాలె. తొంభై ఏడు దాక చూస్తె చాలు."

కాస్త పనికొచ్చే మాట చెప్పే అవకాశం దొరికిందని నాకు ప్రాణం లేచొచ్చింది. "చూసే పని లేదు సార్. పెద్ద సంఖ్యనే భాగించనివి దాని ముక్కను ఎట్ల భాగిస్తయి? డెబ్భై ఒకటి దాక మీరే బోర్డు మీద చేసిన్రు. మిగిలిన అయిదు మొదటి రోజే అయిపోయినయి" అన్నాను.

"ఎవరు చేసిన్రు?"

"మొదటి అయిదుగురం సార్."

ఆయన పలక తుడిచి, తొమ్మిది వేల నాలుగు వందల ముప్పై ఒకటి అని రాసి, పక్కన డెబ్భై మూడు వేశారు. అంకె మీద అంకె పడుతోంది. చెరిపి మళ్లీ రాశారు. శేషం పద్నాలుగు. డెబ్భై తొమ్మిదికి ముప్పై. ఎనభై మూడుకు వచ్చేసరికి కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, అది చూపు కోసం పడే తంటాయో ఇంకేమిటో నాకు తెలియలేదు. "నేను చేస్త సార్, మీరు వినుండ్రి" అని పలక కోసం చెయ్యి చాపాను. ఆయన పలకను ఆ మోకాలి మీది నుంచి ఈ మోకాలి మీదికి మార్చుకున్నారు. యాభై రెండు.

తర్వాత ఎనభై తొమ్మిది వేశారు.

"సార్, అది నాదే. నాలుగో నంబరు" అన్నాను. "అది నేను చేసిన సార్. నిజంగ చేసిన. మొదటి రోజు. శేషం డెబ్భై ఆరు వచ్చింది."

"చేసే ఉంటవు" అన్నారు, తల ఎత్తకుండానే.

అని, ఎనభై తొమ్మిదితో భాగించడం మొదలుపెట్టారు.